బెంగళూరు పీజీలో తిండి, నీళ్లు దారిలో పెట్టుకోవాలంటే: మీతో మీరే మూడు వారాల పందెం కట్టడం ఎలా?

"అక్కా, బెంగళూరు వచ్చి ఆర్నెల్లయింది. ఊళ్లో కుట్టించుకున్న ప్యాంటు ఒక్కటీ పట్టట్లేదు. ఏం చెయ్యమంటావ్?" మా బంధువుల పిల్లలు, వాళ్ల స్నేహితులు, స్నేహితుల రూమ్మేట్లు కలిపి ఇదే ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. మారతహళ్లి పీజీ హాస్టల్లో నాలుగేళ్లున్నదాన్ని కాబట్టి నాకు తెలుసనుకుంటారు. తెలిసింది కొంతే. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పలేక ఒకచోట రాస్తున్నాను.

డైట్ ప్లాన్ కావాలంటే ఇది మీకు పనికిరాదు. ఒక చిన్న అలవాటును పట్టుకుని, మీతో మీరే పందెం కట్టి, మూడు వారాలు నిలబెట్టే పద్ధతి మాత్రమే ఇందులో ఉంది.

కావలసినవి

- చిన్న నోటుబుక్కు. ఫోన్లో రాసుకున్నా సరే.
- గోడకు తగిలించే క్యాలెండరు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిందైనా చాలు.
- లీటరు పట్టే స్టీలు సీసా
- ఒక టీస్పూను
- దర్జీ దగ్గర ఉండే కొలత టేపు
- రోజూ ఒక్క మెసేజ్ పెట్టడానికి ఒక మనిషి

కొత్త యాప్, ప్రొటీన్ పొడి, ఎయిర్ ఫ్రైయర్, ఓట్స్ డబ్బా ఇప్పుడు కొనకండి. కొన్న రోజున సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. మిగతా సగం ఎప్పటికీ మొదలవదు.

ముందు ఇది చదవండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు భోజనం మానడం, అన్నం ఒక్కసారిగా తగ్గించడం లాంటి పందేలు డాక్టరుని అడగకుండా పెట్టుకోవద్దు. చక్కెర బాగా పడిపోవచ్చు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు నీళ్లు ఎంత తాగాలో డాక్టరే చెప్తారు. గర్భిణులు, తిండి గురించి ఇదివరకే భయాలూ బాధలూ ఉన్నవాళ్లు కూడా తగ్గించే పందేల జోలికి పోవద్దు. ఇక మందు సంగతి. శని, ఆదివారాలు తాగేవాళ్లు ఒక వారం మానే పందెం కట్టుకోవచ్చు. రోజూ తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు. అది పందెంతో తేలే పని కాదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఇదే ఊళ్లో ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో దానికోసం ప్రత్యేక విభాగం ఉంది.

1. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

రెండు ఆఫీసు రోజులు, ఒక ఆదివారం. నోట్లో పెట్టుకునే ముందే రాయాలి. రాత్రి పడుకునేటప్పుడు గుర్తుచేసుకుని రాస్తే నాలుగు కాఫీలు రెండవుతాయి, మిక్చర్ పొట్లం మాయమవుతుంది. టైము, ఏం తిన్నారు, ఎందుకు తిన్నారు అనే మూడు ముక్కలు చాలు.

నా పాత నోటుబుక్కులో ఒక బుధవారం ఇలా ఉంది: "11.20 మిషన్ కాఫీ, మీటింగ్ అయింది కాబట్టి. 12.45 మిషన్ కాఫీ, అందరూ వెళ్తున్నారు కాబట్టి. 4.40 కాఫీ, సమోసా, నిద్రొస్తోంది. 11.10 బిర్యానీ ఆర్డర్, పీజీలో కూర అయిపోయింది." ప్రతి దాంట్లో చివరి మాట చూడండి, అసలు కథ అక్కడే ఉంది. ఆకలేసి తిన్నది ఒక్కటి కూడా లేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. రాస్తున్నామన్న సిగ్గుతో ఆ మూడు రోజులూ బుద్ధిగా తింటారు. ఆ పుస్తకం ఎవరూ చూడరు. సమోసా తింటే సమోసా అనే రాయండి.

2. ఒక్కటే ఎంచుకోండి

మూడు రోజుల రాతలో ఎక్కువసార్లు వచ్చిన విషయం చుట్టూ గీత గీయండి. అదే మీ పందెం. రెండోది వద్దు.

ఒక జనవరి 1న నేను పంచదార, మారు అన్నం, నూనె వేపుళ్లు, బయటి తిండి, నాలుగూ కలిపి మానేస్తానని ప్రకటించాను. తొమ్మిదో రోజు సాయంత్రానికి ఒకటి తప్పింది. ఎలాగూ తప్పింది కదా అని మిగతా మూడూ వదిలేశాను. సంక్రాంతికి ఇంటికెళ్లి అరిసెలు ఎన్ని తిన్నానో మా అమ్మకే తెలుసు.

పందెం సైజు సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. మీ ఉద్యోగంలో అతి దిక్కుమాలిన రోజు ఏదో గుర్తుచేసుకోండి. రాత్రి సాఫ్ట్‌వేర్ రిలీజు ఉండి, పొద్దున్న వర్షానికి ఔటర్ రింగ్ రోడ్డు ఆగిపోయి, పీజీలో కరెంటు పోయిన రోజు. ఆ రోజు కూడా ఇది చెయ్యగలరా? చెయ్యలేరంటే సగానికి కొయ్యండి.

3. పందేన్ని ఒక వాక్యంలో రాయండి

"ఆరోగ్యంగా తింటాను" అన్నది పందెం కాదు. సాయంత్రానికి గెలిచారో ఓడారో చెప్పలేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి మూడూ వాక్యంలో ఉండాలి. రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని ముడేస్తే ఇంకా మంచిది. నన్ను ఎక్కువమంది అడిగేవి ఇవి.

కాఫీలో పంచదార. బెంగళూరులో మనవాళ్లందరికీ ఇదే మొదటి పందెం కావాలని నా అభిప్రాయం. సమంగా గీసిన టీస్పూను పంచదార దాదాపు 4 గ్రాములు. రెండు చెంచాల చొప్పున నాలుగు కాఫీలు తాగితే 32 గ్రాములు. విడిగా కలిపే తీపి రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి, అంటే సుమారు 25 గ్రాములకు తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీరు కాఫీతోనే ఆ గీత దాటేశారు. బిస్కెట్లు, కూల్ డ్రింకులు ఇంకా లెక్కలోకే రాలేదు.

పందెం వాక్యం ఇలా ఉంటుంది: "మొదటి వారం ప్రతి కాఫీలో చెంచాన్నర, రెండో వారం ఒక చెంచా, మూడో వారం అర చెంచా." ఒక్క రోజులో సున్నాకి దిగొద్దు. నాలుక్కి టైమివ్వాలి. మూడో వారం చివర ఎవరైనా పాత పాళ్లలో కలిపిస్తే పాయసంలా ఉంటుంది.

నిలబడి తినే దర్శిని హోటల్లో ఇంకో చిక్కుంది. చాలాచోట్ల పంచదార ముందే కలిపేసి ఉంటుంది. కాబట్టి టోకెన్ ఇచ్చేటప్పుడే "సక్కరె కమ్మి" (పంచదార తక్కువ) అనో, అసలు వద్దనుకుంటే "సక్కరె బేడ" అనో చెప్పాలి. గ్లాసు చేతికొచ్చాక చెప్పి లాభం లేదు. ఆఫీసు మిషన్‌ది వేరే సమస్య. ప్రీమిక్స్ పొడిలోనే తీపి ఉంటే మీరు తగ్గించలేరు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూపించమని ప్యాంట్రీ అన్నని అడగండి. బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు. పంచదార మొదటి రెండు మూడింట్లో ఉంటే, ఆ కాఫీల సంఖ్యను తగ్గించడమే మార్గం. పక్క సీటువాళ్లతో బై టూ పెట్టుకున్నా సగం తగ్గినట్టే.

హెచ్చరిక: కాఫీయే మానాలనుకుంటే రోజుకు ఒకటి చొప్పున తగ్గించండి. ఒక్కసారిగా ఆపితే మర్నాటికి తలనొప్పి, చిరాకు మొదలై కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైగా కూడా ఉండొచ్చు. పందెం చెడిపోయేది ఆ రెండో రోజునే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్ర మింగగానే కాఫీ తాగొద్దు, మందు సరిగా ఒంటబట్టదు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి.

రక్తం తక్కువని డాక్టరు చెప్పిన ఆడపిల్లలకు నేను వేరే పందెం చెప్తాను. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దు. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ఉంది. ఇడ్లీ వడ తిన్న వెంటనే కాఫీ తాగే ఈ ఊళ్లో ఇది కాస్త కష్టమైన పందెమే.

నీళ్లు. విజయవాడలోనో గుంటూరులోనో ఎండ కొరడా పట్టుకుని నీళ్లు తాగిస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఏసీ ఆఫీసు, చల్లగాలి. దాహమన్నదే తెలీదు. సాయంత్రానికి తలనొప్పి వస్తే నీళ్లు తక్కువయ్యాయని తోచదు, ఇంకో కాఫీ తాగుతాం.

ఆడవాళ్లు నీళ్లు తాగకపోవడానికి అసలు కారణం వేరే ఉంది, అది ఎవరూ పైకి చెప్పరు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుంటే టాయిలెట్ ఎక్కడ? ఆ భయంతో మధ్యాహ్నం నుంచే సీసా ముట్టుకోరు. "రోజుకు ఇన్ని గ్లాసులు తాగండి" అని వీళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. నీళ్ల టైము మార్చాలి. పందెం వాక్యం ఇలా రాసుకోండి: "ఆఫీసులో కూర్చోగానే, మెయిల్ తెరవకముందే ఒక గ్లాసు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు సీసా ఖాళీ. నాలుగింటికల్లా రెండో సీసా సగం." క్యాబ్ ఆరున్నరకైతే నాలుగున్నర తర్వాత గుక్కలు మాత్రమే. ఇంటికొచ్చాక ఇంకో గ్లాసు. అలాగని ఒకేసారి లీటరు గటగటా తాగకండి. అది నీళ్లు తాగడం కాదు, లెక్క పూర్తిచేయడం.

ఉత్త నీళ్లు సయించకపోతే పల్చటి మజ్జిగ, ఉప్పు తక్కువ వేసింది. ఎళనీరు, అంటే కొబ్బరిబొండం నీళ్లు కూడా మంచిదే. పళ్లరసం మాత్రం కాదు, దాని సంగతి కింద చెప్తాను.

మారు అన్నం. ఆంధ్రా మెస్సుకెళ్తే అరిటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు, పులుసు, అడగకుండానే అన్నం. మూడు మార్లు వడ్డించేదాకా మనకి ఊరు గుర్తురాదు. అన్నం మానమని నేను చెప్పను. "కూర మారు అడుగుతాను, అన్నం మారు అడగను" అన్నది పందెం. ముందు కూర, పప్పు తినడం మొదలుపెట్టి, తర్వాత అన్నం కలుపుకోండి. కందిపొడి వాయికే అన్నం సగం అయిపోతే పెరుగన్నం దగ్గర ఇరుక్కుంటారు, కాబట్టి పెరుగుకి ముందే ఒక మూల అట్టిపెట్టుకోండి.

పీజీ కూర నీళ్లలో రెండు ముక్కల్లా ఉంటే? రోజుకు పళ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు తినమంటారు. దుంపలు ఈ లెక్కలోకి రావు. పీజీ కంచంలో దానికి సగం కూడా కనబడదు. దారిలో హాప్‌కామ్స్ దుకాణం ఉంటే వారానికి రెండుసార్లు ఆగి కీర, క్యారెట్, జామకాయలు, ఏలక్కి అరటిపళ్లు తెచ్చుకోండి. పొయ్యి అక్కర్లేని సరుకు. బాగా కడిగి తినండి. "రాత్రి పీజీ కంచం పక్కన ఒక కీర" అన్నా పందెమే. వంటగది ఉన్నవాళ్లు మడివాళ మార్కెట్లో ఆకుకూరలు చూడండి. తోటకూరని ఇక్కడ దంటు సొప్పు అంటారు, మెంతికూర మెంత్య సొప్పు, బచ్చలి బసళె. గోంగూర దొరికిన రోజున పందెం ఏదైనా సరే, ఇల్లు పండగే.

రాత్రి ఆర్డర్లు. ఆర్డరు యాప్‌ని ఫోన్ మొదటి తెర మీద నుంచి తీసేయండి, కార్డు వివరాలు చెరిపేయండి. "రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఆర్డరు లేదు" అని రాయండి. గదిలో వేయించిన సెనగలు, పళ్లు ఉంచుకోండి. అంతే.

ఊరగాయ. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ మంచం కింద ఉంటే మూడు పూటలా అదే కూర. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే మొత్తం తిండిలో కలిపి ఒక టీస్పూను. ఊరగాయ ఒక పూటే, అరచెంచా. రెండో పూట పెరుగులో పచ్చి ఉల్లిపాయ.

4. గది సర్దండి

పందెం మొదలయ్యే ముందురోజు రాత్రి ఒక అరగంట చాలు. సీసా కడిగి నింపి, ఫోన్ చార్జర్ పక్కన పెట్టండి. బిస్కెట్లు, చిప్స్ రూమ్మేట్ అల్మారాలోకి పంపండి. వాళ్లూ తినకుండా ఉంటారని కాదు, మీ చేతికి దూరంగా ఉంటాయని. పళ్లు ఎదురుగా, జాడీ పైఅరలో. కంటికి కనబడేదే చేతికొస్తుంది.

5. ఒక్క మనిషికి చెప్పండి

గ్రూపులో ప్రకటించకండి. ఇరవైమంది శభాష్ అంటారు, ఎల్లుండికి ఎవరికీ గుర్తుండదు. అక్కకో, పక్క సీటు స్నేహితురాలికో రాత్రి పదింటికి ఒక టిక్కు గానీ ఇంటూ గుర్తు గానీ పంపండి. నా విషయంలో ఆ మనిషి మా తమ్ముడు. ఇంటూ పంపిన రోజున ఒక్క మాట అనేవాడు కాదు, "సరే, రేపు" అని పెట్టేవాడు. తిట్టేవాళ్లను ఎంచుకుంటే నాలుగో రోజు నుంచి అబద్ధం చెప్తారు.

ఓడినవాళ్లు వీవీ పురం తిండి వీధిలో పెట్టించాలన్న షరతు మాత్రం పెట్టుకోకండి. మేము పెట్టుకున్నాం. ఇద్దరం ఓడిపోయేందుకు పోటీ పడ్డాం.

6. క్యాలెండరు మీద గుర్తు పెట్టండి

గెలిచిన రోజుకి సున్నా చుట్టండి. ఓడిన రోజును ఖాళీగా వదలండి. ఒక రోజు తప్పితే ఏమీ కాదు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో యూనివర్సిటీ కాలేజీ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. ఒక పని దానంతటదే జరిగిపోయే అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని ఆ 12 వారాల లెక్కల నుంచి అంచనా కట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. 21 రోజుల్లో అంతా మారిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మన మూడు వారాలు పందెం సరైనదో కాదో తేల్చుకోవడానికే.

నియమం ఒక్కటే: వరసగా రెండు ఖాళీలు ఉండకూడదు. రెండో ఖాళీ వచ్చిందంటే పందెం పెద్దదైపోయిందని అర్థం, మీరు చెడ్డవాళ్లని కాదు. అర చెంచా కుదరకపోతే ఒక చెంచా దగ్గరే ఇంకో వారం ఆగండి.

7. ఇరవై రెండో రోజు

సున్నాలు లెక్కపెట్టండి. 17 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అదే పందెం ఇంకో ఆరు వారాలు కొనసాగించండి, ఇక టిక్కులు వారానికోసారి చాలు. అది చెయ్యకపోతే వెలితిగా అనిపించే రోజు వచ్చాకే రెండోది మొదలుపెట్టండి. 10 నుంచి 16 మధ్యయితే పందేన్ని సగం చేసి మళ్లీ మూడు వారాలు. పదికన్నా తక్కువైతే ఎంచుకున్న విషయమే తప్పు. ఒకటో మెట్టు నోటుబుక్కు తీసి, రెండోసారి ఎక్కువగా వచ్చినదేదో చూడండి. (ఈ అంకెలు శాస్త్రం కాదు, నా అనుభవం.)

ఎక్కడ బెడిసికొడుతుందంటే

పంచదార మాని బెల్లం కాఫీకి మారడం. తేనె కూడా అంతే. రుచి వేరు కావచ్చు గానీ, తీపి లెక్కలో రెండూ పంచదార గదిలోకే వెళ్తాయి.

కూల్ డ్రింక్ మాని "నో షుగర్" జ్యూస్ తాగడం. కూల్ డ్రింక్ సీసా వెనక చూస్తే 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర కనిపిస్తుంది. అందువల్ల 250 మిల్లీలీటర్ల సీసాతో రోజు కోటా పూర్తి. జ్యూస్ షాపులో మీ ఎదురుగా పంచదార వెయ్యకపోయినా, మూడు నాలుగు పళ్లు పిండితే పీచు పోయి తీపి మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ తీపిని కూడా విడి చక్కెరలోనే కలిపింది. పండు కొరుక్కు తినండి.

వారమంతా పద్ధతిగా ఉండి ఆదివారం "చీట్ డే" అని పేరు పెట్టడం. ఆ పేరులోనే తప్పు ఉంది. ఆదివారం బిర్యానీ పందెంలో లేకపోతే అది మోసం కాదు, భోజనం. పందెంలో ఉంటే దాన్ని ముందే వాక్యంలో రాయండి: "వారంలో ఒక్క బిర్యానీ, ఆదివారం మధ్యాహ్నం."

పొద్దున టిఫిన్ మానేసి పందెం గెలిచానంటారు కొందరు. పదకొండింటికి సమోసా దగ్గర ఓడిపోతారు.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?

బరువు తూచే మిషన్‌ని మొదటి మూడు వారాలు నమ్మకండి. ముందురోజు ఉప్పగా తింటే ఒంట్లో నీరు నిలిచి మర్నాటికి కిలో పెరిగినట్టు చూపిస్తుంది, ఎల్లుండికి దిగుతుంది. దాన్ని చూసి పందేలు వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. నెలకోసారి, ఒకే టైములో. మన దేశంవాళ్లకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. ప్యాంటు బొత్తం దగ్గర కొలిస్తే అది ప్యాంటు కొలతే అవుతుంది.

నీళ్ల పందేనికైతే మూత్రం రంగు చూడండి. లేత పసుపు అయితే సరే. చిక్కటి పసుపైతే ఇంకా తక్కువ తాగుతున్నారు. బీ విటమిన్ మాత్రలు వేసుకునే రోజుల్లో రంగు ఎలాగూ ముదురుతుంది, అది లెక్కలోకి తీసుకోవద్దు. పంచదార పందేనికి మీ నాలుకే మీటరు. ఇరవై రెండో రోజున పాత పాళ్లలో ఒక గుక్క తాగి చూడండి. షుగర్ అంచున ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ పరీక్ష ప్రతి వారం చేయించుకోవద్దు, అది సుమారు మూడు నెలల సగటు చెప్తుంది, మూడు నెలలకోసారి చాలు. ఇవి కాక రాత్రి ఆర్డర్ల పందెం కట్టినవాళ్లు నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకోండి. అంత ఖచ్చితమైన రిపోర్టు ఏ ల్యాబూ ఇవ్వదు.

పండక్కి ఊరెళ్లే రోజుల్లో పందెం ఆపేయండి. క్యాలెండరు మీద ఆ రోజులకు అడ్డంగా గీత కొట్టండి, ఖాళీగా వదలొద్దు. అమ్మ వడ్డిస్తుంటే పందెం సంగతి చెప్పి ఆవిణ్ణి బాధపెట్టకండి. తిరిగొచ్చి మడివాళలో బస్సు దిగిన రోజు పొద్దున, జాడీలూ జంతికల డబ్బాలూ ఇంకా సంచిలో ఉండగానే సీసా కడిగి నింపండి. స్నానం ఆ తర్వాత.